కాకినాడ ప్రయోగమూ కోనసీమ యువ వ్యాపారులూ

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ విస్తరించిన కోనసీమ 2022 వరకు కాకినాడతో పాటు తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది కనుక, అమలాపురం, రాజోలు, కొత్తపేటల యువ వ్యాపారులకు దారి చూపే సేవ పూర్వచరిత్రను పరిశీలించేవారు 1964లో కాకినాడ వ్యాపారులతో మొదలైన ప్రయోగాన్ని తప్పక గమనించాలి. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ తోడ్పాటుతో, వారిలో సాధనా ప్రేరణను, అంటే పనిని మునుపటికంటే మెరుగ్గా చేయాలనే తపనను, శిక్షణ ద్వారా పెంచవచ్చునా అని పరీక్షించాడు. సాధ్యమైన లక్ష్యాన్ని ఎంచుకోవడం, ఫలితాన్ని తరచూ సరిచూసుకోవడం, విజయం సాధించినవారిని ఆదర్శంగా తీసుకోవడం ఆ శిక్షణలోని ముఖ్యాంశాలు. శిక్షణ పొందినవారు పొందనివారికంటే చురుకుగా పెట్టుబడులు పెట్టి, ఎక్కువమందికి పని కల్పించారని మెక్లెలండ్, డేవిడ్ వింటర్ 1969లో వెలువరించిన గ్రంథం వివరించింది. సంప్రదాయ విశ్వాసాలు ఈ మార్పుకు అడ్డు కాలేదన్నది అందులోని అత్యంత విలువైన నిర్ధారణ.

అయితే శిక్షణ ముగిశాక తోడు నిలిచే మనిషి అవసరం వేరు. బ్రిటన్‌లో 1976లో ఏర్పడిన ప్రిన్స్ ట్రస్టు స్ఫూర్తితో 1992లో ప్రారంభమైన భారతీయ యువశక్తి ట్రస్టు, అనుభవజ్ఞులైన వ్యాపారులు, వృత్తినిపుణులు స్వచ్ఛందంగా ఒక్కొక్క యువ వ్యాపారికి మార్గదర్శకులుగా ఉండే పద్ధతిని దేశంలో స్థిరపరచింది. అంబాజీపేట మార్కెట్టుకు చేరే కొబ్బరికాయ మీదనే కాక, దాని పీచుతో తాళ్లు, చాపలు, పొట్టుతో మొక్కల పెంపకానికి పనికొచ్చే ఎరువు తయారుచేసే చిన్న పరిశ్రమల మీద కూడా ఆశ పెట్టుకున్న కోనసీమ యువతకు, సరుకు నాణ్యత, అప్పు, గిరాకీల లెక్క తెలిసిన ఇటువంటి పెద్దల తోడు ఎంతో అవసరం.