సంఘం

‘హన్’ ధాతువుకు ‘సం’ అనే ఉపసర్గ చేరగా పుట్టిన సంఘ శబ్దానికి పాణిని సమూహమనే అర్థం చెప్పగా, బౌద్ధులు దానిని భిక్షు సముదాయానికి, అంటే ఒకే నియమావళికి కట్టుబడి బతికేవారికి, వాడారు. గుంపుకూ సంఘానికీ తేడా ఆ కట్టుబాటులోనే ఉంది. హైదరాబాదులో 1921లో ఏర్పడిన ఆంధ్రజన సంఘం ఆంధ్ర మహాసభగా ఎదిగి, 1940లలో పల్లెపల్లెనా సభ్యత్వ రసీదులు ఇచ్చినప్పుడు, జనం దానిని ‘చీట్ల సంఘం’ అన్నారు. చందా కట్టి చీటీ పుచ్చుకున్నవాడే సభ్యుడు గనుక, పిల్లలకు నిఘంటువు కంటే ఈ పేరే త్వరగా బోధపడుతుంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మద్రాసులో స్థాపించి, తరువాత హైదరాబాదులోని నారాయణగూడలో నడిపిన ఆంధ్ర బాలానంద సంఘం పేరులోనూ ఉన్నది ఈ మాటే. ఏ సంఘంలోనైనా అధ్యక్షుడు సభ నడుపుతాడు, కోశాధికారి లెక్క చూస్తాడు, నలుగురూ ఒప్పుకున్న తీర్మానాన్ని కార్యదర్శి మినిట్స్ పుస్తకంలోకి ఎక్కిస్తాడు.