నీటి మీద హక్కు: జోడేఘాట్ నుంచి సరూర్‌నగర్ దాకా



చదువుల కోసం మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటున్న మన పిల్లలకు సరూర్‌నగర్ చెరువు తెలుసు. కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువది. గట్టు మీద నిలబడితే ఊరి వాగు, గాలం గుర్తొస్తాయి. ఊళ్లో ఎవరినీ అడగలేదు, ఇక్కడెందుకు అడగాలి అనిపిస్తుంది.

ఊళ్లో ఆ హక్కు ఊరికే రాలేదు. జల్, జంగల్, జమీన్ కోసం కొమురం భీం 1940లో జోడేఘాట్ వద్ద ప్రాణమిచ్చారు. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించింది. 2006 అటవీ హక్కుల చట్టం, అడవిలో బతికేవారికి చేపలు పట్టుకోవడాన్ని సామూహిక హక్కుగా గుర్తించింది.

హైదరాబాద్ షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. తెలంగాణ చెరువుల్లో చేపల హక్కును మత్స్యశాఖ సాధారణంగా మత్స్యకార సహకార సంఘాలకు లీజుకిస్తుంది. ఆ చేపల మీదే బతికే కుటుంబాలుంటాయి. కాబట్టి నగరంలో ఏ చెరువులోనైనా గాలం వేసే ముందు మత్స్యశాఖను, అక్కడి సంఘాన్ని అడగాలి.

మన వాగులో బయటివాళ్లు అడగకుండా వల వేస్తే ఊరుకుంటామా? ఇక్కడా అంతే.

సెలవులకు ఊరెళ్లినప్పుడు గ్రామసభలో ఒక్క మాట అడగండి: మన వాగు మీద సామూహిక హక్కు కాగితాల్లోకి ఎక్కిందా?