మూత్రపు గొట్టం, మందులకు లొంగని బ్యాక్టీరియా

ఆసుపత్రిలో చేరాక రోగికి సోకే ఇన్‌ఫెక్షన్లలో మూత్రనాళానివి ముందు వరుసలో ఉంటాయి. వాటిలో చాలావాటికి దారి మూత్రాశయంలోకి వేసే గొట్టం, అంటే క్యాథెటరే. మూత్రాశయంలో ఉబ్బి, జారిపోకుండా నిలిచే బెలూన్ ఉన్న గొట్టాన్ని 1930లలో అమెరికన్ వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ రూపొందించాడు. మంచం దిగలేని రోగులకు అది పెద్ద ఊరట. అయితే అప్పట్లో గొట్టం రెండో కొస తెరిచి ఉన్న సీసాలోకి వేలాడేది. నాలుగు రోజులు తిరిగేసరికి దాదాపు ప్రతి రోగి మూత్రంలోనూ బ్యాక్టీరియా చేరేది. అవసరం లేకున్నా క్యాథెటర్ వేయడాన్ని తప్పుబడుతూ 1958లో వైద్యుడు పాల్ బీసన్ సంపాదకీయం రాశాడు. గొట్టాన్నీ సంచినీ విడదీయకుండా కలిపి ఉంచే మూసిన అమరిక ఎంత మేలు చేస్తుందో 1966లో కాల్విన్ క్యూనిన్ బృందం చూపింది. ఈ చరిత్రలో ఇన్నేళ్లయినా వన్నె తగ్గని విజయం ఇదే. అయినా గొట్టం గోడలకు బ్యాక్టీరియా జిగురు పొరలా పేరుకుంటుంది, ఆ పొరలో ఉన్నవాటిపై మందు సరిగా పనిచేయదు. గొట్టం ఉన్న ఒక్కో రోజుకు 3 నుంచి 7 శాతం చొప్పున ముప్పు ఇప్పటికీ ఉంది.

మందుల విజయాలు మాత్రం నిలవలేదు. 1930లలో సల్ఫా మందులు, 1953లో నైట్రోఫ్యురాంటోయిన్, 1960లలో ఆంపిసిలిన్ వచ్చాయి. ఆంపిసిలిన్‌ను విరిచేసే ఎంజైమ్ 1965లోనే ఏథెన్స్‌లో ఒక రోగి నుంచి తీసిన ఇ.కోలై బ్యాక్టీరియాలో బయటపడింది. దాని జన్యువు ప్లాస్మిడ్ అనే విడి డీఎన్‌ఏ వలయంపై ఉండటంతో ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి సులువుగా పాకింది. సెఫలోస్పోరిన్లు అనే యాంటీబయాటిక్‌లలో కొత్తవాటిని విరిచే ఎంజైములు 1983లో జర్మనీ నుంచి వెల్లడయ్యాయి. అప్పుడు వైద్యులు కార్బపెనెమ్‌లు అనే యాంటీబయాటిక్‌లను ఆశ్రయించారు. ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ చేరిన ఒక రోగి మూత్రంలో, 2008లో, వాటినీ విరిచే ఎన్‌డీఎం-1 ఎంజైమ్ ఉన్న క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా దొరికింది. ఆ పేరులోని ‘ఎన్‌డీ’ అంటే న్యూఢిల్లీ కావడంపై భారతదేశంలో పెద్ద వివాదం రేగింది. ఆసుపత్రుల్లో ఆ ఎంజైమ్ వ్యాపిస్తున్న తీరుపై జరగాల్సిన చర్చ ఆ రగడలో వెనకబడటం బాధాకరం.

బ్యాక్టీరియా మందులకు లొంగకపోవడానికి, అంటే నిరోధకతకు, మూలాలు వార్డు గోడల బయటా ఉన్నాయి. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధిచేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో స్వీడిష్ పరిశోధకులు ప్రకటించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ.

2014 నుంచి భారతదేశంలో పలు యాంటీబయాటిక్‌లు షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చాయి. వాటిని వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినవాటి వివరాలు దుకాణదారు రాసి ఉంచాలి. వైద్యులు పాత నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్‌లను మళ్లీ బయటికి తీశారు. ఇవి మూత్రాశయం వరకే ఉన్న ఇన్‌ఫెక్షన్‌కు పనికొస్తాయి. మూత్రపిండాలకు పాకితే నైట్రోఫ్యురాంటోయిన్ చాలదు. మూత్రం కల్చర్ పరీక్షలో బ్యాక్టీరియా కనిపించినా జ్వరం, నొప్పి లాంటి లక్షణాలు లేకపోతే, గర్భిణులకూ కొన్ని మూత్రనాళ శస్త్రచికిత్సలకు వెళ్లేవారికీ తప్ప, సాధారణంగా యాంటీబయాటిక్ ఇవ్వరు. గొట్టం ఇంకా అవసరమా అని రోజూ చూసి, అక్కర్లేకపోతే అదే రోజు తీసేయడం ఇప్పుడు ఆసుపత్రుల నియమావళిలో భాగం.