గుత్తి కోటలో మూడు రోజుల నీళ్లు

తెల్లవారుజామున ఐదున్నరకే బత్తలపల్లెలో ఉగ్గాని బాణలి పొయ్యెక్కింది. నానబెట్టి పిండిన బొరుగులు ఉల్లిగడ్డల తాలింపులో పడి పసుపురంగు తేలుతున్నాయి. పక్క పొయ్యి మీద మిరపకాయ బజ్జీలు చుయ్యిమంటున్నాయి. కడుపునిండా తిని పోదాం, గుత్తి కొండ మీద ఏమీ దొరకదు. బెంచీ మీద మన పక్కన కూర్చున్నవాళ్లు ఆర్‌డీటీ ఆసుపత్రికి వచ్చినవాళ్లు, రాత్రే దిగినట్టున్నారు, దుప్పట్లు ఇంకా భుజాల మీదే ఉన్నాయి. 1969లో అనంతపురం వచ్చి, ఆ ఆర్‌డీటీని పెట్టి, ఈ కరువు సీమకే తన బతుకంతా ఇచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 2009లో పోతే ఈ ఊళ్లోనే మట్టి చేశారు.

రోడ్డు వార బోరు లారీ ఒకటి ఆగి ఉంది. దాని చక్రాలు చూడండి. తెల్లటి రాతిపొడి పట్టి ఉన్నాయి. నీళ్లు పడి ఉంటే బురద అంటుకునేది. రాత్రి ఎవరి చేనులోనో ఎండుబోరు పడింది. టీ తాగుతున్న రైతులు కూడా ఆ చక్రాల వైపే చూస్తున్నారు. ఎవరూ ఏమీ అనడం లేదు.

అనంతపురం బస్సు ఎక్కాం. మార్చి నెల. చెనక్కాయ పీకేసిన చేలు ఎర్రగా, బోడిగా పడి ఉన్నాయి. మధ్యమధ్య బోరు పారే చోట మాత్రం చీనీ తోటలు పచ్చగా తగులుతున్నాయి. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే దింపుకుని వస్తాయి. ఈశాన్యపు వానలేమో తూర్పు తీరం దగ్గరే అయిపోతాయి. ఇక్కడిదాకా వచ్చేది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. అందుకే ఈ నేల మీద నీళ్లు నిలబెట్టినవాడే నిజమైన రాజు. అనంతపురానికి ఊపిరి పోసింది కూడా ఒక చెరువే. విజయనగరం బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో కట్టించాడు. అదే బుక్కరాయల పేరిట ఉన్న శాసనమొకటి, మనం పోతున్న కోటను దుర్గాలకు రాజని పొగిడింది.

అనంతపురంలో బస్సు మారి, ఉత్తరంగా యాభై కిలోమీటర్లు దాటాక కొండ కనిపిస్తుంది. మొదట మామూలు గుట్టే అనిపిస్తుంది. బస్సు మలుపు తిరిగాక దాని ఒంటి మీద గీతలు తేలతాయి. ఇంకొంచెం దగ్గరికి పోతే ఆ గీతలన్నీ గోడలు! కొండ అంచు ఎటు వంగితే గోడ అటు వంగింది. ఎక్కడ రాయి ఆగి ఎక్కడ కట్టుబడి మొదలైందో ఎంత చూసినా తెలియదు. కొండ అసాధ్యంగా నిటారుగా ఉన్నచోట కట్టినవాళ్లు గోడ మానేశారు. అక్కడ కొండే గోడ.

గుత్తి ఊరి సందుల్లోంచి నడుస్తున్నాం. ఇళ్ల ముందు ప్లాస్టిక్ బిందెలు వరస కట్టి ఉన్నాయి. కొళాయికి ఇంకా టైమ్ కాలేదు. ఇళ్లు అయిపోయేచోట కొండ మొదలవుతుంది. ఎక్కబోయే ముందు పాదం దగ్గరున్న ఇంగ్లీషువాళ్ల సమాధుల తోటలోకి ఒకసారి తొంగిచూద్దాం. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉండి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. తెచ్చి ఇక్కడ పూడ్చారు. 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన గుర్తుగా చింతతోపు పెట్టారు, బావి తవ్వించారు. సీమలో ఒక మనిషిని తలుచుకోవడానికి ఇంతకన్నా సరైన పద్ధతి నాకు తోచదు.

ఇక ఎక్కుదాం. మొదటి వాకిలి. ఏనుగు పట్టేంత ఎత్తు. తలుపులు లేవు, వాటి బొడ్డెలు తిరిగిన గుంతలు మాత్రం రాతిలో నున్నగా మిగిలాయి. వేలు పెట్టి చూడండి, గిన్నె లోపలిలా ఉంటుంది. ఇలాంటి వాకిళ్లు పదిహేనని, లోపలి కోటలూ పదిహేనని లెక్క చెబుతారు. వాకిలి దాటాక దారి నేరుగా పోదు. మలుపు తిరిగి, ఎత్తైన గోడల మధ్య ఇరుకు సందులో పడేస్తుంది. తల ఎత్తితే పైన బురుజు. శత్రువు ఇక్కడ ఎలా నిలబడి ఉంటాడో ఇప్పుడు మీరు అలాగే నిలబడి ఉన్నారు.

మూడో మలుపు దగ్గర మేకల కాపరి ఎదురయ్యాడు. తలకు తువ్వాలు, చేతిలో కొమ్మలు దూసే దోటి. మన సంచి వైపు చూశాడు.

"యాడ్నించి సామీ?"

"బత్తలపల్లె నుంచి తాతా."

"నీళ్లు తెచ్చుకున్యారా? పైన తాగే నీళ్లు లేవు. ఉండేవి పాచి నీళ్లు."

రెండు బాటిళ్లు చూపించాం. తల ఊపాడు. "దిగేటప్పుడు మిగిలితే పారబోయొద్దండి నాయినా. అదో, ఆ బండ గుంతలో పోయండి" అని గోడ పక్కన పళ్లెమంత గుంత చూపించాడు. అడుగున ఎండిన పాచి పెచ్చులు లేచి ఉంది.

పది దాటింది. రాయి కాగుతోంది. చెయ్యి ఆనిస్తే వెంటనే తీసేయాల్సి వస్తోంది. తొండలు బండ మీద నిలవలేక కాళ్లు మార్చి మార్చి ఎత్తుతున్నాయి. సీతాఫలం పొదలు ఆకు రాల్చి పుల్లలై ఉన్నాయి. ఒక బాటిల్ అప్పుడే అయిపోయింది. కొండ చుట్టుపక్కల నేల మీద నుంచి దాదాపు మూడు వందల మీటర్లు లేచింది. ఆ ఎత్తులో ప్రతి మీటరూ మోకాళ్లకు తెలుస్తోంది.

పైకోటలోకి వచ్చాం. ఇది ఒక ఊరు. ధాన్యం కొట్లు, మందుగుండు కొట్టు, కప్పులు పోయిన ఇళ్లు. బండల మీద కన్నడ శాసనాలున్నాయి, చాళుక్యుల ఆరో విక్రమాదిత్యుడి నాటివి. తొమ్మిది వందల ఏళ్లు పైబడ్డాయి. కానీ నన్ను మాత్రం ఎప్పుడొచ్చినా ఈ బావులే ఆపేస్తాయి. కొండ మీద మొత్తం నూట ఎనిమిది ఉన్నాయంటారు గుత్తివాళ్లు. వంగి ఈ ఒక్కదాన్ని చూడండి. ఒరల రాతి అంచున తాళ్లు ఒరుసుకుని పడిన గాట్లు. ఒక్కో గాటులో మీ బొటనవేలు పట్టేస్తుంది. మెత్తటి తాడు గట్టి రాయిని ఇంత లోతు కోయాలంటే ఎన్ని వేల చేదలు లాగి ఉండాలి! అడుగున పచ్చటి నీళ్లు చెయ్యి వెడల్పున మిణుకుమంటున్నాయి. మిగతావన్నీ రాళ్లు, ముళ్లకంప.

ఇక్కడే కూర్చోండి, ఈ గోడ నీడలో. జరిగింది ఇక్కడే.

1776. ఈ కోట మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడేది. ఆర్కాటులో ఇంగ్లీషు సేనాని క్లైవ్ ఇరుక్కున్నప్పుడు సాయం పోయిన సేన ఇతనిదే. అలాంటివాణ్ణి మైసూరు హైదరాలీ చుట్టుముట్టాడు. కింది ఊరు, కింది కోట పడిపోయాయి. ఊరి జనం పిల్లాజెల్లాతో, గొడ్డూగోదతో పైకోటలోకి ఎక్కేశారు. మనం నడిచొచ్చిన ఆ ఇరుకు సందులోంచే. ఫిరంగులకు ఈ కొండ లొంగలేదు. అయితే సైన్యానికి సరిపోయే నీళ్లు ఊరికీ, ఊరి పశువులకీ ఎన్నాళ్లొస్తాయి? తాళ్లు కిందికి, ఇంకా కిందికి దిగాయి. చివరికి చేదలో బురద వచ్చింది. మురారిరావు రాయబారం పంపాడు. సొమ్ము ఇచ్చేటట్టు, హైదరు ముట్టడి ఎత్తేసేటట్టు బేరం కుదిరింది. సొమ్ముకు పూచీగా కోట నుంచి ఒక సేనాని కొడుకును, పడుచువాణ్ణి, కిందికి పంపారు.

తర్వాతి ముచ్చట మైసూరు చరిత్ర రాసిన కల్నల్ విల్క్స్ చెప్పాడు. హైదరు ఆ కుర్రవాణ్ణి ఆదరంగా కూర్చోబెట్టుకున్నాడు. మాటల్లో మాటగా, అంత గట్టి కోట పెట్టుకుని ఎందుకు దిగివచ్చారని అవతలివాళ్లు దెప్పారు. పౌరుషం పొడుచుకొచ్చిన కుర్రవాడు ఉన్నది కక్కేశాడు: పైన మూడు రోజుల నీళ్లే ఉన్నాయి, లేకుంటే మీకు లొంగేవాళ్లమా! హైదరు ముఖం మీద ఏమీ చూపించలేదు. వచ్చిన సొమ్ము తూకానికి తక్కువైందని వంక పెట్టి బేరం చెరిపేశాడు. మళ్లీ చుట్టుముట్టి ఊరికే కూర్చున్నాడు. ఆ తర్వాత తుపాకీ పేల్చే పనే పడలేదు. మురారిరావును మైసూరు సీమకు పట్టుకుపోయారు, కబ్బాళదుర్గంలో బందీగా పోయాడు.

నాకు ఆ కుర్రవాడి మీద కోపం రాదు. దప్పిక గురించి నోరు జారనివాడెవడు?

ఫ్రాన్సు దక్షిణాన, పిరెనీస్ కొండల దాపున తెర్మ్ అనే కొండకోటకూ ఇదే గతి పట్టింది. 1210లో సిమన్ ద మోంఫోర్ నాలుగు నెలలు ముట్టడించాడు. రాతి తొట్లలో వాననీళ్లు అయిపోయి, కోటవాళ్లు లొంగుతామన్నారు. ఆ రాత్రే వాన కురిసి తొట్లు నిండాయి. మాట వెనక్కి తీసుకున్నారు. కానీ చెడిపోయిన ఆ నీళ్లు తాగి విరేచనాలు పట్టుకుని, చీకట్లో పారిపోబోయి దొరికిపోయారు. అక్కడ వానైనా పడింది. గుత్తి మీద మబ్బు కూడా కమ్మలేదు.

లేద్దాం. మురారిరావు కూర్చునే చావడి చూడందే దిగకూడదు. కొండ చివరి అంచున చిన్న మంటపం, గచ్చు ఇంకా నున్నగా ఉంది. ఇక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడనీ, ఉయ్యాల ఊగేవాడనీ చెప్పుకుంటారు. కాళ్ల కింద నేల తెగిపోయి ఉంది. గాలి ఒక్కసారిగా వచ్చి కొట్టింది. కింద గుత్తి ఇళ్లు, దూరంగా జంక్షన్‌లో గూడ్సు బండి, చుట్టూ ఎర్రచేలు. చేల మధ్య ఎక్కడో ఒకచోట తెల్లటి పొడి పొగలా లేస్తోంది. బోరు వేస్తున్నారు. చప్పుడు ఇంత ఎత్తుకూ సన్నగా వినిపిస్తోంది. పడుతుందా, పడదా? ఆ పొడి తడిసి నల్లబడుతుందేమోనని ఇద్దరం చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాం. తెల్లగానే లేస్తోంది.

దిగుతుంటే మోకాళ్లు వణుకుతున్నాయి. నాలుక అంగిలికి అంటుకుపోతోంది. రెండో బాటిల్లో నాలుగు వేళ్ల మందం మిగిలింది. మూడో మలుపు దగ్గరికి వచ్చేసరికి తాత లేడు, మేకలు మాత్రం గోడ నీడలో పడుకుని రొప్పుతున్నాయి. మూత తీసి చెరొక గుక్క తాగి, తక్కింది బండ గుంతలో పోశాం. పాచి పెచ్చులు తడిసి పచ్చబడ్డాయి. చప్పుడుకే ఒక మేకపిల్ల లేచి వచ్చి మూతి పెట్టింది. వెనకే ఇంకొకటి.