76 మంది ఓటర్లు, ఒక ఇనప కొండ

2017లో వచ్చిన ‘న్యూటన్’ హిందీ సినిమా మన హేతువాద మిత్రుల్లో చాలామంది చూసే ఉంటారు. అమిత్ మసూర్కర్ తీశాడు, రాజ్‌కుమార్ రావు హీరో. నూతన్ కుమార్ అన్న పేరు నచ్చక తనంతట తానే న్యూటన్ అని మార్చుకున్న ఒక గుమస్తా, దండకారణ్యంలో 76 మంది ఓటర్లున్న ఊరికి ఎన్నికల డ్యూటీ మీద వెళ్తాడు. ఓట్లు వేయించకుండా కదలనని భీష్మించుకుంటాడు. కథ అంతే. ఆ ఏడాది మన దేశం తరఫున ఆస్కార్‌కి పంపింది ఈ సినిమానే.

సినిమాలో ఊరు కల్పితం, 76 కూడా కల్పితమే. అయితే అలాంటి లెక్కలు నిజంగానే ఉన్నాయి. పోలింగ్ కేంద్రం ఓటరుకి రెండు కిలోమీటర్ల లోపే ఉండాలన్నది ఎన్నికల సంఘం పెట్టుకున్న నియమం. 2023 ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఎన్నికల్లో భరత్‌పూర్-సోన్‌హత్ నియోజకవర్గంలోని శేరాడాండ్‌లో ఐదుగురు ఓటర్ల కోసం కేంద్రం పెట్టారు. ఐదుగురి కోసం ఇంత ఖర్చా అని నవ్వేవాళ్ళుంటారు. అదే జనం గుడి దగ్గర వీఐపీ దర్శనం క్యూ చూసి నవ్వరు!

అసలు సంగతికొస్తాను. ఆ సినిమాలో కనిపించే అడవి దల్లీ రాజహరా చుట్టుపక్కలది. భిలాయికి దక్షిణంగా ఎనభై తొంభై కిలోమీటర్ల దూరం. ఇప్పుడు బాలోద్ జిల్లా. తెర మీద అది మనుషులు అరుదుగా మసిలే చోటులా ఉంటుంది. భిలాయి ఉక్కు కర్మాగారానికి దశాబ్దాల పాటు ఇనప ఖనిజం వచ్చింది ఆ కొండల్లోంచే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి భిలాయి వెళ్ళి స్థిరపడ్డ మనవాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళు కరిగించిన ఇనుము ఈ కొండలదే.

ఈ ఖనిజం సంగతి 1887లోనే భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ రాసిపెట్టాడు. సుమారు పదిహేనేళ్ళ తర్వాత దొరాబ్జీ టాటా నాగపూర్ మ్యూజియంలో ఒక భూగర్భ పటం చూసి, దుర్గ్ జిల్లాలో ఇనుముందని తెలుసుకున్నాడు. ఆయన మనుషులు కొండెక్కి చూశారు. ఖనిజం బ్రహ్మాండంగా ఉంది, కానీ దగ్గర్లో తగిన బొగ్గూ నీళ్ళూ లేవు. వదిలేసి తూర్పుకి పోయారు. అలా జంషెడ్‌పూర్ పుట్టింది. దల్లీ రాజహరా మరో యాభై ఏళ్ళు ఆగింది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. ఎవరి జాతకమూ కాదు, పటమూ బొగ్గూ నీళ్ళూ తేల్చిన లెక్క.

గనుల్లో వేలాది మంది ఠేకేదార్ల కింద చేత్తోనే పని చేసేవాళ్ళు. మగవాళ్ళు రాయి పగలగొడితే ఆడవాళ్ళు మోసేవాళ్ళు. 1977లో శంకర్ గుహా నియోగీ నాయకత్వంలో వాళ్ళు సంఘం పెట్టుకున్నారు. గుడిసెలు బాగుచేసుకోడానికి కాస్త డబ్బు ఇమ్మన్నది వాళ్ళ కోరికల్లో ఒకటి. జూన్ 2, 3 తేదీల్లో పోలీసులు కాల్చారు. పదకొండు మంది పోయారు. ఎమర్జెన్సీ ఎత్తేసి, ఢిల్లీలో కొత్త ప్రభుత్వం వచ్చి మూడు నెలలైనా కాలేదు. సినిమాలో హీరో ప్రాణం పెట్టేది ఓటు కోసం. సినిమా తీసిన చోట మనుషులు ప్రాణాలిచ్చింది గుడిసె మీద కప్పు కోసం. రెండోది తెర మీదకి రాలేదు. దర్శకుణ్ణి తప్పుపట్టడం లేదు, ఆయన చెప్పదలచుకున్న కథ వేరు.

సంఘ నాయకురాలు కుసుమ్ బాయి ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక చనిపోయింది. మరొకచోటైతే మొక్కులతో సరిపెట్టుకునేవాళ్ళేమో. వీళ్ళు సొంత చందాలతో, సొంత చేతులతో ఆసుపత్రి కట్టుకున్నారు. 1983 జూన్ 3న, కాల్పుల్లో పోయినవాళ్ళ పేరిట షహీద్ ఆసుపత్రి తెరిచారు. బినాయక్ సేన్ లాంటి డాక్టర్లు వచ్చి చేరారు. విరేచనాలైతే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగించండి, అక్కర్లేని ఇంజెక్షన్లూ టానిక్కులూ వద్దు అని బస్తీల్లో ప్రచారం చేశారు. సభల్లో మనం ఇచ్చే ఉపన్యాసాలకన్నా ఇది ఎన్నో రెట్లు గట్టి హేతువాదం అని నా అభిప్రాయం. నియోగీ సారా మాన్పించే ఉద్యమం కూడా నడిపాడు. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున భిలాయిలో నిద్రలో ఉండగా ఆయన్ని కాల్చి చంపారు.

సినిమాలో న్యూటన్‌కి శిక్షణ ఇచ్చే పెద్దాయన ఒక మాట చెప్తాడు. రాజుకైనా కూలీకైనా ప్రకృతి నియమం ఒక్కటేనని తేల్చడమే అసలు న్యూటన్ గొప్పదనమని. ఖనిజానికీ అదే నియమం. తవ్వేకొద్దీ తరిగింది. యంత్రాలూ వచ్చాయి. చేతిపనికి బదులు పూర్తిగా యంత్రాలు పెడితే జనం ఏమవుతారని సంఘం డెబ్భైలలోనే అడిగింది. సగం యంత్రాలు, సగం మనుషులతో నడపొచ్చని లెక్కలతో సహా పథకం ఇచ్చింది. 2001 జనాభా లెక్కల్లో 50 వేల పైచిలుకు ఉన్న దల్లీ రాజహరా 2011కి 44 వేల పైచిలుకుకి దిగింది. భిలాయి కొలుముల కోసం రైలు పట్టాలు ఇంకా దక్షిణంగా రావ్‌ఘాట్ కొండల వైపు వేశారు. షహీద్ ఆసుపత్రి మాత్రం దల్లీ రాజహరాలోనే ఉంది.