షయాన్లు తమ గాలికి హద్దు గీశారు

1/70, సమత తీర్పు, పెసా... భూమి హక్కుల గురించి మనం చాలానే మాట్లాడుకున్నాం. గాలి మీద కూడా ఒక తెగ హక్కు సాధించిన చరిత్ర ఉంది. అది అమెరికాది.

మోంటానా రాష్ట్రంలో నార్తర్న్ షయాన్ తెగకు 1884లో రిజర్వేషన్ ఏర్పడింది. (మనకు రిజర్వేషన్ అంటే సీటు, ఉద్యోగం. అక్కడ తెగకు కేటాయించిన నేల అని అర్థం.) ఆ నేల కింద బొగ్గు ఉంది. ప్రభుత్వ శాఖ ఆమోదించిన లీజులతో సగానికి పైగా నేల బొగ్గు కంపెనీల చేతికి పోతే, 1973లో తెగ వాటిని రద్దు చేయమని పట్టుబట్టింది. ఇంతవరకు మన గనుల కథల్లాంటిదే.

అయితే రిజర్వేషన్ బయట, ఉత్తరాన ఇరవై పాతిక కిలోమీటర్ల దూరంలో కోల్‌స్ట్రిప్ అనే ఊరుంది. అక్కడ థర్మల్ ప్లాంటుకు 3, 4 యూనిట్లు కడతామన్నారు. భూమి తెగది కాదు, బొగ్గు తెగది కాదు. మరి ఏ హక్కుతో అడ్డుకుంటారు?

వాళ్లు పర్మిట్ రూల్స్ చదివారు. శుభ్రంగా ఉన్న గాలి చెడిపోకుండా కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ 1974లో నిబంధనలు మార్చింది. ప్రాంతాలను మూడు తరగతులు చేసి, మొదట అన్నిటినీ రెండో తరగతిలో పెట్టింది. మొదటి తరగతిలోకి మారిస్తే అక్కడి గాలిలో కొత్తగా కలవనిచ్చే కాలుష్యం చాలా తక్కువ. తరగతి మార్చమని అడిగే అధికారం రాష్ట్రాలతో పాటు తెగల పాలక మండళ్లకూ ఉందని ఆ రూల్సులో రాసి ఉంది. షయాన్లు అదే పట్టుకున్నారు. 1977 ఆగస్టులో వాళ్ల గాలి మొదటి తరగతి అయింది. దేశంలో అలా అడిగి సాధించింది వాళ్లే మొదలు.

దాంతో 1978లో ఈపీఏ కోల్‌స్ట్రిప్ పర్మిట్ నిరాకరించింది. పొగలోని గంధకాన్ని మెరుగ్గా పట్టే ఏర్పాటుతో కంపెనీలు మళ్లీ వచ్చాకే, 1979లో ఇచ్చింది. 1980లో తెగతో ఒప్పందం కుదిరింది. అందులో ఉద్యోగాలు, స్కాలర్‌షిప్‌లు, గాలిని కొలిచే ఏర్పాట్లు ఉన్నాయి. ప్లాంటు ఆగలేదు, అది దాచక్కర్లేదు. కోర్టుకెక్కిన వాళ్లలో పొరుగు తెగ క్రో కూడా ఉంది, వాళ్ల బొగ్గు ఆశలు వాళ్లవి. 1981లో కోర్టు షయాన్ల పక్షానే నిలిచింది.

1990లో చట్టం మళ్లీ మారింది. పెద్ద పరిశ్రమలన్నిటికీ ఆపరేటింగ్ పర్మిట్ తప్పనిసరి చేసి, రాష్ట్రాలు తమ రూల్స్ తిరగరాసుకోవాలన్నారు. పర్మిట్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, ముసాయిదాపై ప్రజలు అభిప్రాయం చెప్పొచ్చు. 50 మైళ్ల లోపు ఉన్న పొరుగు రాష్ట్రానికి ముందే తెలపాలి. అర్హత పొందిన తెగను కూడా రాష్ట్రంగానే చూడాలని 1998 నాటి రూలు తేల్చింది.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. పాల్వంచలో కేటీపీఎస్, మణుగూరులో 1,080 మెగావాట్ల బీటీపీఎస్ ఉన్నాయి. రెండూ ఏజెన్సీ గాలిలోకే పొగ వదులుతున్నాయి. 1981 వాయు చట్టం 21వ సెక్షన్ కింద కన్సెంట్ ఇచ్చేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. అందులో గ్రామసభ మాట లేదు. ప్రజాభిప్రాయ సేకరణ పర్యావరణ అనుమతికే గానీ కన్సెంట్ రెన్యువల్‌కు ఉండదు. పెసాలో భూమి, చిన్న ఖనిజాలు ఉన్నాయి, గాలి లేదు.

2015 డిసెంబరులో థర్మల్ ప్లాంట్లకు గంధకం పొగ మీద పరిమితి పెట్టారు, ఆపై గడువులు పొడిగిస్తూ పోయారు. 2025 జులైలో ఆ రూలే మార్చేశారు. ఢిల్లీ ప్రాంతానికి, పది లక్షల జనాభా దాటిన నగరాలకు 10 కిలోమీటర్ల లోపున్న వాటికి పరిమితి తప్పనిసరి. కాలుష్యం బాగా ముదిరిన ప్రాంతాల దగ్గరున్న వాటిని విడివిడిగా చూస్తారు. మిగతావి, అంటే దేశంలో ఎక్కువ భాగం, చిమ్నీ ఎత్తు సరిపోతే చాలు.

షయాన్ల రూలు శుభ్రమైన గాలి ఉన్న చోటు నుంచి కొలిచింది. మనది నగరం నుంచి, లేదా గాలి ఇప్పటికే పాడైన చోటు నుంచి కొలుస్తోంది. మన ప్లాంట్ల కన్సెంట్ ఆర్డర్లు ఆర్టీఐలో అడగొచ్చు. గడువు ఎప్పటిదాకా, ఏ షరతులు పెట్టారు, గాలిని ఏ ఊళ్లో కొలుస్తున్నారు అన్నవి ముందు చూద్దాం. భద్రాద్రి జిల్లా మిత్రులు ఎవరైనా ముందుకొస్తే దరఖాస్తు కలిసి రాద్దాం.