చాపకూడు చరిత్ర: కారంపూడి వీరారాధనలో మారినదేమిటి, మిగిలినదేమిటి?

ఎత్తిపోతల దగ్గర లోయలోకి దూకే చంద్రవంక, అంతకు ముందు మాచర్ల మీదుగా పారుతుంది. 12వ శతాబ్దంలో ఈ మాచర్లకూ గురజాలకూ మధ్య దాయాదుల పోరు సాగింది. అదే పల్నాటి యుద్ధం. నాగులేటి ఒడ్డున కారంపూడిలో అది ముగిసింది. అక్కడ నేలకొరిగిన వీరులకు ఏటా కార్తీక అమావాస్య మొదలు ఐదు రోజులు ఉత్సవాలు చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనేవి ఆ రోజుల పేర్లు. వీరుల ఆయుధాలుగా కొలిచే కొణతాలను ఊరూరి నుంచి మోసుకొస్తారు.

ఈ కథలో మాచర్ల పక్షాన మంత్రి బ్రహ్మనాయుడు, ఆయన సేనాని మాల కన్నమదాసు. అన్ని కులాలవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తినడమే చాపకూడు. మందపోరు నాడు కారంపూడిలో ఇప్పటికీ చాపకూడు పెడతారు.

వీరుల కథ పల్నాడు దాటి ఏనాడో నగరానికి చేరింది. ఓరుగల్లు వీధుల్లో ఈ కథ పాడుతుంటే జనం గుమిగూడి విన్న దృశ్యం ‘క్రీడాభిరామం’లో ఉంది. శ్రీనాథుడి పేరున ద్విపద కావ్యం వచ్చింది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చు వేయించారు. 1947లో ఒకసారి, 1966లో మరోసారి ‘పల్నాటి యుద్ధం’ సినిమాగా వచ్చింది. వీధి పాట తాళపత్రమైంది, పుస్తకమైంది, వెండితెర బొమ్మైంది.

కానీ కారంపూడిలో ఆ కథను నోటితో నిలబెట్టింది వీరవిద్యావంతులు. వీళ్ళు మాలలు. తరం నుంచి తరానికి విని నేర్చుకుని, వీరుల ముందు పాడే హక్కును కాపాడుకుంటూ వచ్చారు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగేర్ 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువరించిన ఆంగ్లానువాదానికి ఆధారం అలిశెట్టి గాలెయ్య పాడిన పాఠమే. రాజుల కథకు చరిత్రకారులు మాలవాడలోనే ఉన్నారన్నమాట.

అయినా చాపకూడు మాట వచ్చిందంటే మనకు చప్పున గుర్తొచ్చేది బ్రహ్మనాయుడి ఉదారత. ఒక పెద్దాయన పెట్టిన అన్నంగా చెప్పినప్పుడు అది దయ అవుతుంది. ఆ చాప మీద కూర్చుని, యుద్ధంలో ముందు నిలిచిన కన్నమదాసు వైపు నుంచి చెప్తే అది హక్కు అవుతుంది. ఆ కథను శతాబ్దాలుగా మాలలే పాడుతూ వచ్చారని తెలిస్తే, సమానత్వాన్ని ఎవరు గుర్తుపెట్టుకున్నారో కూడా తెలుస్తుంది.

గుర్తుపెట్టుకోవడం ఒక్కటే సరిపోదు. పల్నాడు 2022లో విడి జిల్లా అయ్యేదాకా గుంటూరు జిల్లాలోనే ఉండేది. అప్పట్లో అదే గుంటూరు జిల్లాలో ఉన్న చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ గొడవకు మొదలు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లోని అగ్రకులస్థుడికి తగలడం. పక్కపక్కన కూర్చుని తినడాన్ని పండగ చేసుకునే నేల మీదే, వెనక సీట్లో కూర్చున్నవాడి కాలు తగిలితే సహించలేకపోయారు.

పండగ ఎంత మారిందో కొలవడానికి జనసందోహాన్నీ హంగులనూ లెక్కపెట్టనక్కర్లేదు. మందపోరు నాటి చాప మిగతా 364 రోజులూ ఊళ్ళో ఎక్కడిదాకా పరుచుకుందో చూస్తే చాలు.